పెద్దపండుగ ప్రయాణములు

మన పండుగలలో ఎక్కువభాగము ఉన్నచోటనే చేసికొనదగినవి. సంక్రాంతి మాత్రము ఇంటికి పోయి చేసికొనునది. కోస్తా జిల్లాలలో దీనిని పెద్దపండుగ యందురు. పుష్యమాసపు మంచులో, ఇంకను తెల్లవారకముందే, చంకన నిద్రించు బిడ్డలతోను చేతుల నిండ సంచులతోను రైలుస్టేషన్లలో దిగు జనమును చూచినవారికి ఈ ఆచారము అనాదియని తోచును. పండుగ ప్రాచీనమే, ప్రయాణము మాత్రము అంత ప్రాచీనము కాదు. లక్షలకొలది జనము ఒకే వారమున స్వగ్రామములకు మరలు ఈ వాడుకకు నూటపాతిక ఏండ్లకు మించిన వయస్సు లేదని మా అభిప్రాయము. అది ఏ దారుల వెంట వచ్చినదో కొంచెము విచారింతము.

ముందుగా పండుగ వచ్చు కాలమును గమనింపవలెను. ఉగాది, వినాయకచవితి, దీపావళి మున్నగునవి చాంద్రమానమును అనుసరించునవి గనుక ఇంగ్లీషు తేదీలలో ఏటేట ముందు వెనుకలగుచుండును. సంక్రాంతి సూర్యుడు మకరరాశిని ప్రవేశించు దినము. అందుచేత అది జనవరి 14, లేక 15వ తేదీని విడువదు. (సుమారు 70 ఏండ్లకొక దినము చొప్పున అదియును జరుగుచునే యున్నది. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21, 22 తేదీలలోనే. ఈ తగవును పంచాంగకర్తలకు విడుచుట మేలు.) ఇట్లు తేదీ స్థిరముగా నుండుట రైలు కంపెనీలకును, కచేరీలకును తరువాతికాలమున ఎంతో అనుకూలించినది. రైతునకు అనుకూలించినది వేరొకటి. సార్వా వరి కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యము గాదెలకెక్కునది ఈ దినములలోనే. చేతిలో నాలుగు రూకలు ఆడును. ఎద్దులకు తీరిక చిక్కును. అన్నిటికంటె ముఖ్యముగా, వానకాలమున ఇరుసు లోతున బండ్లను మింగిన రేగడిదారులు ఎండి గట్టిపడును. వాగులు దాటుటకు వీలగును. మన దేశమున మంచు ప్రయాణమునకు అడ్డు కాదు; వానయే అడ్డు. శీతకాలము మనకు దారులు తెరచు కాలము.

అయినను దారులు తెరచుకొన్న ఆ కాలమున పూర్వము ప్రయాణము చేసినవారెందరు? ఊరిలో పుట్టినవాడు ఊరిలోనే యుండెను గనుక పండుగకు తిరిగి రావలసిన యవసరమే అతనికి లేదు. ఊరు విడిచి పోయినది ఆడపడుచు ఒక్కతె. సంక్రాంతి ప్రయాణమనగా మొదట ఆమె పుట్టింటికి వచ్చుట, ఆమె వెంట కొత్త అల్లుడు వచ్చుట, అంతియే. వియ్యములు సాధారణముగా రెండు మూడు ఆమడలలోనే జరిగెడివి. ఆమడ యనగా రమారమి ఎనిమిది మైళ్లు. ఎద్దుబండి పొద్దస్తమానము నడచినను రెండామడలు దాటుట కష్టము. కావున ఒక పగటి ప్రయాణమో, మధ్య ఒకరాత్రి సత్రపు మజిలీతో రెండు పగళ్ల ప్రయాణమో చేసిన పుట్టిల్లు చేరవచ్చును.

ఆ బండి ప్రయాణములను గూర్చి నేడు మురిపెముగా వ్రాయువారు కలరు. గూడుబండి, లోపల పరచిన వరిగడ్డి, పైన జంపఖానా, ఎద్దుల మెడలో గజ్జెలు. వినుటకు ఇంపుగానే యుండును. కాని ఆ బండి కట్టుటకు ఎందరి అనుమతి కావలెనో కూడ చెప్పవలెను గదా. ఆడది ఒంటరిగా బయలుదేరరాదు. అన్నయో తమ్ముడో వచ్చి తీసికొనిపోవలెను. వచ్చినవానిని అత్తగారు ఆదరింపవలెను. మామగారికి ఆ యేటి కానుకలపై అలుక యుండరాదు. ఎద్దులు ఖాళీగా నుండవలెను. వీనిలో ఏ యొక్కటి తప్పినను ఆమెకు ఆ సంవత్సరము పండుగ లేనట్లే. బండి రాని ఇండ్లలో వాకిట ముగ్గు వేయుచు దారివైపు చూచిన కోడండ్రు ఎందరో చరిత్ర లెక్కవ్రాసి యుంచలేదు.

కనుమనాడు కాకియైనను కదలదని మన సామెత. ఆనాడు ప్రయాణము నిషిద్ధము. దీనికి పెద్దలు చెప్పు కారణములు పెక్కు గలవు. మాకు తోచిన కారణము తేలికయైనది. కనుమ పశువుల పండుగ. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పూజించిన దినమున వాని మెడపై కాడి మోపరాదు. ఎద్దు కదలని దినమున మనుష్యుడు మాత్రము ఎట్లు కదలును? అల్లునికి అత్తవారింట ఇంకొక దినము భోజనము దొరకుట యీ నియమమునకు పర్యవసానమే కాని, కారణము కాదనుకొందుము.

ఆ కాలపు దూరప్రయాణము ఎట్టిదో తెలియగోరువారు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను చూడవలెను. ఆయన 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. ఆయన కలవాడు, ఉద్యోగి. పల్లకి, బోయీలు, పరివారము గలవాడు. అట్టివారికే దూరప్రయాణము అంతటి సన్నాహమైనచో, సామాన్యుడు మూడు దినముల పండుగ కొఱకు జిల్లా దాటుట కల్లయే.

మార్పు మొదట నీటి మీద వచ్చినది. ధవళేశ్వరము వద్ద గోదావరి ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభింపగా 1852 నాటికి పూర్తియైనది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి ముగిసినది. కాటన్ కాలువలను పొలములకు నీటి కొఱకు మాత్రమే గాక, పడవల రాకపోకల కొఱకును త్రవ్వించెను. రైలుమార్గములకంటె జలమార్గములే ఈ దేశమునకు తగినవని ఆయన వాదము. పల్లము వచ్చినచోటనెల్ల లాకులు కట్టిరి. రాదారి పడవ లాకులో ప్రవేశించును. వెనుక తలుపులు మూయుదురు. నీరు దిగును, లేక ఎక్కును. ముందు తలుపులు తెరచుకొనును. గాలి అనుకూలించిన తెరచాప ఎత్తుదురు. లేనిచో కాలువగట్టున నడచుచు మనుష్యులు త్రాటితో లాగుదురు. వేగము కాలినడక కంటె గొప్పది కాదు. కాని సాయంకాలము ఎక్కి, మూటలు తలక్రింద పెట్టుకొని పండుకొన్నవారు తెల్లవారునప్పటికి వేరొక తాలూకాలో లేచుట అంతకుముందు ఎరుగని సౌఖ్యము. ముసలివారికి, గర్భిణులకు బండి కుదుపు తప్పినది. అరిసెల బుట్టలు విరుగకుండ చేరినవి! ఏలూరు కాలువ రెండు నదులను కలిపినది. దక్షిణమున కొమ్మమూరు కాలువకు తీరపు కాలువను కలిపి చెన్నపట్టణమువరకు దారి ఏర్పరచిరి. ఈ కలుపు పని 1876-78 నాటి ధాత కరువున జరిగినది. ఆకలికి ఊళ్లు విడిచిన జనము గంజి కొఱకును కూలి కొఱకును ఆ మట్టి మోసిరి. అప్పటి గవర్నరు పేర దానికి బకింగుహాము కాలువ యని పేరు వచ్చినది. త్రవ్వినవారి పేరు ఏ దానికిని రాలేదు. తరువాత ఎన్నో ఏండ్లు పండుగకు పోవు సంసారములు ఆ నీటి మీదనే పోయినవి.

పిదప రైలు వచ్చెను. నైజాము రైలు 1874లో వాడి నుండి సికిందరాబాదు చేరి, 1889లో బెజవాడను తాకెను. ఈస్టుకోస్టు రైలుమార్గము 1893 మొదలుకొని తీరమున సాగెను. 1899లో బెజవాడకును చెన్నపట్టణమునకును రైలు కలిసెను. మిగిలినది గోదావరి. కొన్ని సంవత్సరములు ప్రయాణికులు ఒక గట్టున రైలు దిగి, నదిని పడవపై దాటి, రెండవ గట్టున మరల రైలెక్కుచుండిరి. రెండున్నర కిలోమీటర్లకు పైబడిన హావులాకు వంతెన 1900 ఆగస్టున తెరువబడగా ఆ అవస్థ తీరినది. 1997లో విశ్రాంతి పొందువరకు ఆ వంతెన దాదాపు నూరు సంక్రాంతులను మోసినది.

రైలు వలన ప్రయాణము త్వరపడుట ఒక యెత్తు; ఇంటికి దూరముగా బ్రతుకువారు పెరుగుట ఇంకొక యెత్తు. రాజమహేంద్రవరములోను, చెన్నపట్టణములోను చదువు విద్యార్థి, జిల్లా కచేరీలోని గుమాస్తా, తాలూకా మారి తాలూకా తిరుగు ఉపాధ్యాయుడు. పండుగకు ఇంటికి పోవు మగవారు వీరితోనే మొదలైరి. దొరల కాలమున కోర్టులకు, కళాశాలలకు దీర్ఘమైన సెలవు క్రిస్మసుకు దొరకెడిది. సంక్రాంతికి దొరకునది స్వల్పము. రెండు సెలవుల నడుమ మూడు వారముల ఎడము. ఆ ఎడమును ఏదో జ్వరముతో పూరించిన గుమాస్తాలు లేకపోలేదు. 1879లో ప్రవేశపెట్టిన కానీ కార్డు కూడ తన వంతు సాయము చేసినది. అల్లుని పిలుచుటకు మనిషిని పంపుట మాని కార్డు వ్రాయుట వాడుకయైనది. కార్డుతో పిలిచిరని అలుగుటయు దానితోనే వాడుకయైనది.

ఇచట రాలేకపోయినవారిని తలపవలెను. విశాఖపట్టణము, గోదావరి మండలముల నుండి వేలకొలది కూలీలు ఓడలెక్కి రంగూను పోయిరి. కోరంగి రేవు పేర అక్కడివారు మనవారిని కోరంగీలనిరి. బర్మాలో వరికోతలు నవంబరు మొదలు జనవరివరకు సాగును. అనగా ఇచట గాదెలు నిండి బంధువులు కూడు దినములలోనే అచట కొడవలి పట్టు చేతులు కావలసి వచ్చెను. ఇంటికి మనియార్డరు వచ్చెడిది. మనిషి వచ్చెడివాడు కాడు. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడెను. మూడు వారములకు సంక్రాంతి వచ్చెను. ఆ యేడు మన తీరమునందలి ఎన్ని వాకిళ్లలో ఎవరి కొఱకు ఎదురుచూచిరో ఊహించుటయే కాని చెప్పనలవి కాదు. 1942లో అడవులు కొండలు దాటి కాలినడకను మరలినవారు కొందరు. దారిలోనే రాలినవారు మరికొందరు. యుద్ధము ముగియువరకు స్వదేశమునను అవసరమైననే తప్ప ప్రయాణము చేయవలదని రైల్వేలు ప్రకటనలు అంటించినవి.

నేటి సంక్రాంతి ప్రయాణమునకు రూపమిచ్చినది 1956 నవంబరు 1వ తేదీ యని చెప్పవచ్చును. హైదరాబాదు తెలుగువారందరకు రాజధాని యయ్యెను. కోస్తా నుండి ఉద్యోగులు, విద్యార్థులు, వ్యాపారులు అచటికి వలసవచ్చిరి. నైజాము రైల్వేవారు 1932లో 27 బస్సులతో ప్రారంభించిన రోడ్డు రవాణా శాఖయే పెరిగి, 1958 జనవరి 11న, సరిగా పండుగకు ముందు, ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యయ్యెను. 1974 ఫిబ్రవరి 1న వాల్తేరు-హైదరాబాదుల నడుమ గోదావరి ఎక్స్‌ప్రెస్ బయలుదేరెను. తెలంగాణమున ఆడబిడ్డ పుట్టింటికి చేరు పెద్దపండుగ బతుకమ్మతో కూడిన దసరాయే. సంక్రాంతికి హైదరాబాదు మిద్దెలపై గాలిపటములెగురును. కావున జనవరిలో నగరము సగము ఖాళీయైనదని వ్రాయు పత్రికలు, మిగిలిన సగము కూడ పండుగలోనే యున్నదని మరచుచుండును. 2014లో రాష్ట్రములు రెండైనను ఈ రాకపోకలు తగ్గలేదు.

ఇప్పుడు రైలు టిక్కెట్టు 60 దినములు ముందుగా తీయవచ్చును. కావున నవంబరు నడుమనే పండుగ ఆరంభమగుచున్నది. విజయవాడ దారిలో పంతంగి సుంకపుగేటు వద్ద కార్లు బారులు తీరును. 2023 జనవరి 15న, సంక్రాంతినాడే ప్రారంభమైన వందేభారత్ రైలు సికిందరాబాదు నుండి విశాఖపట్టణమునకు రమారమి 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటలలో చేర్చుచున్నది. అది ఎద్దుబండికి నెలకు దగ్గరి ప్రయాణము. ఆడపడుచు ఎవరి తోడును లేక, ఎవరి అనుమతిని కోరక, తన డబ్బుతో కొన్న టిక్కెట్టుతో తల్లి యింట దిగుచున్నది. మేము దీనిని రైలు చేసిన మేలన్నిటిలో పెద్దదిగా నెంచుచున్నాము. బండి దిగిన ఆడబిడ్డ పూర్వము నెల యుండెడిది. రైలు దిగిన ఈమె నాలుగవనాడు పోవలెను. పోవు తేదీని నిర్ణయించునది అత్తగారు కాదు, ఆఫీసు.

సామెత మాత్రము మారలేదు. కనుమనాడు కదలరాదని తల్లులు ఇంకను చెప్పుచునే యున్నారు. మధ్యాహ్నము మినపగారెలు పెట్టి, అరిసెలు డబ్బాలలో సర్ది, రేపు ముక్కనుమ గదా, అదియు కానిమ్మందురు. సాయంకాలము ఆరు గంటలకే తిరుగు బస్సులు నిండి బయలుదేరుచున్నవి.