ఓడ నమూనాలు

ఓడ నమూనా అనగా నౌక ఆకారాన్ని నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి చేసిన ప్రతిరూపం. అసలు నౌకలు శిథిలమైనపుడు నౌకానిర్మాణ చరిత్రకు ఇవి ముఖ్యమైన ఆధారాలు.

తెలుగునాట నౌకలు
శాతవాహనుల సీసపు నాణేలు కొన్నింటిపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. విశాఖపట్నంలో నిర్మించిన "జల ఉష" నౌక 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా జలప్రవేశం చేసింది.

గుర్తింపు
నౌకా నిర్మాతలు చేయించినవి, చర్చిలకు మొక్కుబడిగా సమర్పించినవి, నావికులు చేసినవి, అలంకరణకు అమ్మినవి అని నమూనాలు పలు రకాలు. 17, 18 శతాబ్దాల ఆంగ్ల నౌకాదళ నమూనాలు అనేకం 1:48 నిష్పత్తిలో ఉంటాయి. పేరుపలకను తరువాతి కాలంలో అమర్చి ఉండవచ్చు కనుక అదొక్కటే ఆధారం కాదు. కొలతలు, మేకులు, రంగు పొరలు, తాళ్ళ అమరిక పరిశీలించి పాత చిత్రపటాలతో పోల్చాలి.

సంరక్షణ
నమూనాలలోని సీసపు లంగర్లు, ఫిరంగులు క్రమంగా తెల్లని పొడిగా మారిపోతాయి. ఓక్ వంటి కలప, ప్లైవుడ్, కొన్ని రకాల జిగురుల నుండి వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి ఇందుకు కారణం. గాలి ఆడని అద్దాల పెట్టెలో ఈ నష్టం ఎక్కువ. కొయ్య బీరువాలలో ఉంచిన శాతవాహనుల సీసపు నాణేలకు కూడా ఇదే ముప్పు ఉంది. ఈ పొడి విషపూరితం కనుక ఒట్టి చేతులతో తాకరాదు.

తెరచాపలు, తాళ్ళపై పడే వెలుతురు 50 లక్సులకు మించరాదు. గాలిలోని తేమ తరచుగా మారకుండా చూడాలి. దుమ్మును మెత్తని కుంచెతో తీయాలి. తెగిన పాత తాళ్ళను పారవేసి కొత్తవి కట్టితే అసలు ఆధారం పోతుంది. అందువలన మరమ్మత్తుకు ముందు ఫోటోలు తీసి, తొలగించిన భాగాలను భద్రపరచాలి.