డీవీడీ చేయించాం కదా అని టేపులు పారేయకండి



మన బరంపురం తెలుగు ఇళ్ళలో ఈమధ్య తరచూ వినిపిస్తున్న మాట ఒకటుంది: "పెళ్ళి క్యాసెట్ డీవీడీ చేయించేశాం, ఇంక ఆ టేపు ఎందుకు?" దాన్ని పాత సామాన్లవాడికి వేసే ముందు ఈ నాలుగు మాటలు చదవమని మనవి. క్యామ్‌కార్డర్ల చరిత్ర కాస్త తెలిస్తే ఏ టేపులో ఎంత ఉందో, దేన్ని ముందుగా కాపాడుకోవాలో మనకే అర్థమవుతుంది.

కెమెరా, రికార్డరు ఒకే పెట్టెలో ఇమిడిన యంత్రాన్ని సోనీ 1983లో మామూలు జనం కోసం తెచ్చింది. తీసినదాన్ని అందులోనే వేసి చూసుకునే వీలుండేది కాదు. 1985లో 8 మిల్లీమీటర్ల టేపుతో వీడియో-8, 1989లో దానికంటే స్పష్టమైన హై-8 వచ్చాయి. ఇవన్నీ అనలాగ్ పద్ధతులు. టేపు పాతబడేకొద్దీ రంగు వెలిసిపోతుంది, బొమ్మలో గీతలు పడతాయి. కాపీకి కాపీ తీసిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది.

1995లో డీవీ కెమెరాలు రావడంతో ఈ లెక్క మారింది. బొమ్మ అంకెలుగా టేపు మీదికి ఎక్కింది. మనం వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. డీవీ ఒక్కో ఫ్రేమును విడివిడిగా కుదించి దాస్తుంది. అందుకే ఎడిటింగుకు తేలిక. ఫైర్‌వైర్ తీగతో కంప్యూటరులోకి ఎక్కిస్తే టేపులో ఉన్న అంకెలే యథాతథంగా దిగుతాయి. గంట వీడియోకు సుమారు 13 జీబీ పడుతుంది.

ఇప్పుడు డీవీడీ సంగతి చూడండి. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. గంట మినీ డీవీ టేపును అందులో ఇరికించాలంటే దాదాపు మూడింట రెండు వంతుల సమాచారాన్ని వదిలేయాలి. టీవీలో చూసుకోవడానికి అది చాలు. దాన్నే అసలుగా దాచుకుంటే మాత్రం ఆ పోయింది మళ్ళీ రాదు.

ఇక్కడ తికమక పెట్టే విషయం ఒకటుంది. క్యాసెట్ పైరూపు చూసి లోపలి పద్ధతిని చెప్పలేం. 1999లో సోనీ తెచ్చిన డిజిటల్-8 పాత 8 మిల్లీమీటర్ల క్యాసెట్ మీదే డీవీ అంకెలు రాస్తుంది. టేపు వేగంగా తిరగాలి కనుక 90 నిమిషాల క్యాసెట్‌లో 60 నిమిషాలే పడుతుంది. అలాగే 2003లో మొదలైన హెచ్‌డీవీ, మినీ డీవీ క్యాసెట్ మీదే హైడెఫినిషన్ బొమ్మను ఎక్కించింది. అంత పెద్ద బొమ్మ అదే చోట పట్టడానికి 12 ఫ్రేములను ఒక గుంపుగా కలిపి కుదిస్తుంది. అందువల్ల టేపు మీద చిన్న దెబ్బ తగిలినా అర సెకను బొమ్మ చెదిరిపోవచ్చు. డీవీలో అదే దెబ్బకు ఒకటి రెండు ఫ్రేముల్లో గళ్ళు కనిపించి ఊరుకుంటుంది.

8 సెంటీమీటర్ల చిన్న డీవీడీ మీద తీసే కెమెరాలూ వచ్చాయి. ఒక్క వైపు 1.4 జీబీ, మంచి నాణ్యతతో తీస్తే 20 నిమిషాలే. తీసిన కెమెరాలోనే డిస్కును "ఫైనలైజ్" చేయకపోతే మామూలు ప్లేయర్లలో ఆడదు. 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీని ప్రకటించాయి. అక్కడి నుంచి టేపు తగ్గి మెమరీ కార్డు పెరిగింది. ఇందులో పొడవైన వీడియో ముక్కలు ముక్కలుగా పడుతుంది. కాబట్టి ఒకటి రెండు ఫైళ్ళు ఏరుకోకుండా ఫోల్డరు మొత్తం కాపీ చేయాలి.

ఇంత వివరం ఎందుకంటే, 1936లో గంజాం ఒడిశాలో కలిసినప్పటి నుంచి మన తెలుగు ఎక్కువగా ఇళ్ళలోనే బతికింది. ఒడియా కలిసిన మన పెద్దల మాట, వాళ్ళు పాడిన అప్పగింతల పాటలు, మంగళహారతులు పుస్తకాల్లో దొరకడం కష్టం. వాటిలో చాలావరకు ఈ పెళ్ళి క్యాసెట్ల వెనక గొంతులుగానే మిగిలి ఉన్నాయి. బొమ్మ మసకైనా ఆ గొంతు మనకు కావాలి.

కనుక మా సలహా ఇది. ముందుగా వీడియో-8, హై-8 టేపులు ఎక్కించండి. అవి రోజురోజుకీ క్షీణిస్తున్నాయి, వాటిని ఆడించే యంత్రాలూ కరువవుతున్నాయి. కొన్ని డిజిటల్-8 కెమెరాలు ఈ పాత టేపులనూ ఆడిస్తాయి. తర్వాత ఫైనలైజ్ కాని చిన్న డిస్కులు, ఆపైన మినీ డీవీలు. టేపు వేసే ముందు దాని అంచున ఉన్న చిన్న మీటను జరపండి, పొరపాటున పైన రికార్డు కాకుండా ఉంటుంది. బూజు కనిపిస్తే అసలు యంత్రంలో పెట్టవద్దు. షాపువాళ్ళకిస్తే డీవీడీతో పాటు అసలు ఫైలును హార్డ్ డిస్కులో అడిగి తీసుకోండి. రెండు కాపీలు రెండు వేరు ఇళ్ళలో ఉంచండి.

ఇంట్లో ఏ రకం టేపులు ఎన్ని ఉన్నాయో, ఆడే కెమెరా ఎవరి దగ్గర మిగిలి ఉందో కింద రాయండి. ఒకరి కెమెరా పది ఇళ్ళ టేపులకు పనికొస్తుంది. అందరం కలిసి కూర్చుంటే ఈ పని అవుతుంది.