కుంచం ఎవరి చేతిలో?

పాలేరుకు గింజలు కొలిచే కుంచం ఆసామి చేతిలోనే ఉండేది. తక్కువ పోశావని అడిగితే దెబ్బలు. ఇప్పుడు వీడియోలు చేసి బతికే మన పిల్లల కుంచం యూట్యూబ్ చేతిలో ఉంది.

2007లో ప్రకటనల ఆదాయంలో వాటా మొదలైంది. 2018 ఫిబ్రవరిలో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలన్నారు. అప్పటికే సంపాదిస్తున్న చిన్న చానళ్లకూ ఆదాయం ఆగింది.

ఆ అంకెలు కనీసం కనిపిస్తాయి. పసుపు డాలర్ గుర్తు పడితే ఏ మాట వల్లో చాలాసార్లు చెప్పరు. హింస గురించి మాట్లాడినా పడొచ్చు. మరి 1985 కారంచేడు, 1991 చుండూరు గురించి చంపారనే మాట లేకుండా ఎలా చెప్పాలి?

2019లో జర్మనీ కార్మిక సంఘం ఐజీ మెటాల్ యూట్యూబర్ల పక్షాన నిలబడి, దేన్నిబట్టి నిర్ణయిస్తున్నారో బయటపెట్టమంది. మనమూ అడగాల్సింది అదే: ముందు కుంచం చూపించండి.

జై భీమ్.