గీత నుంచి బరువుకు: తెరపై నర్తించే దేహం

నాట్యంలో కంటికి ముందు ఆనేది భంగిమ. నమ్మకం కుదిరేది మాత్రం పాదం నేలను తొక్కిన తీరుతోనే. నర్తించే దేహాన్ని తెరకెక్కించడానికి నూట నలభై ఏళ్లుగా సాగిన కృషిలో బయటపడిన సత్యం ఇదే.

1880లలో ఫ్రాన్స్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే ఒక మనిషికి నల్లటి దుస్తులు తొడిగి, కాళ్లూ చేతుల పొడవునా తెల్లని గీతలు, కీళ్ల దగ్గర చుక్కలు పెట్టి, ఒకే ఫలకంపై వరుసగా ఫొటోలు తీశాడు. ఒళ్లు మాయమై నడక ఒక్కటే మిగిలింది. నేటి మోషన్ క్యాప్చర్‌కు మూలం అదే. జర్మనీలో శాస్త్రవేత్తలు బ్రౌనే, ఫిషర్ ఇంకాస్త లోతుకు వెళ్లారు. శవాలపై కొలతలు తీసి ఒక్కో అవయవం బరువెంతో, గురుత్వ కేంద్రం ఎక్కడుందో తేల్చారు. 1895 నుంచి మనిషి నడకపై వారి గ్రంథం వెలువడింది.

సినిమా మొదట మారే దారినే పట్టింది. మాక్స్ ఫ్లైషర్ తన రోటోస్కోప్‌తో 1932లో గాయకుడు క్యాబ్ క్యాలోవే నాట్యాన్ని ఫ్రేము ఫ్రేముగా దిద్ది కార్టూన్ వాల్రస్ దయ్యానికి ఇచ్చాడు. కంప్యూటర్ వచ్చాక కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో నృత్యాలు కూర్చే సాఫ్ట్‌వేర్ లైఫ్ ఫార్మ్స్ పుట్టింది. దానితో నృత్య దర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ 1991లో 'ట్రాకర్స్' కూర్చాడు. 1999 నాటి ఆయన 'బైపెడ్'లో మోషన్ క్యాప్చర్ బొమ్మలు నర్తకులతో కలిసి వేదికెక్కాయి.

అయినా గీతకు బరువు ఉండదు. బ్యాలేలో గ్రాండ్ జెతే అనే పెద్ద గెంతు చూడండి. పాదం నేల విడిచాక గురుత్వ కేంద్రం దారిని ఎవరూ మార్చలేరు, అది పరావలయమే. అయితే ఎగిరిన శిఖరాన నర్తకి కాళ్లు చాచి చేతులెత్తగానే ఆ కేంద్రం దేహంలోనే పైకి జరుగుతుంది. దాంతో తల, మొండెం క్షణకాలం దాదాపు ఒకే ఎత్తున సాగి, ఆమె గాలిలో తేలినట్టుంటుంది. ఆ కదలికను పొట్టి కాళ్ల బొమ్మకు ఉన్నదున్నట్టు తగిలిస్తే లెక్క చెదురుతుంది, పాదం నేలపై జారుతుంది.

ఈ లోటు తీర్చే పనిలో 1995లో జెస్సికా హాడ్జిన్స్ బృందం పరుగునూ జిమ్నాస్టిక్స్‌నూ భౌతిక సూత్రాలతోనే నడిపించింది. 2018లో వచ్చిన డీప్‌మిమిక్ అనే పద్ధతిలో, మనిషి నుంచి క్యాప్చర్ చేసిన కదలికను ఆదర్శంగా పెట్టుకుని బొమ్మ పడుతూ లేస్తూ తనంతట తానే నిలదొక్కుకోవడం నేర్చింది. విడిగా సాగిన మారే దారీ, ఫిషర్ దారీ అక్కడ కలిశాయి.

ఇక నాట్యాన్ని భద్రపరిచేవారు కీళ్ల జాడతో సరిపెట్టుకోకూడదు. పాదం నేలపై మోపిన బలాన్నీ నమోదు చేయాలి. అది లేని నాట్యం రేపటి తరానికి సగమే అందుతుంది.