నల్లచెక్క అడిగిన ప్రశ్న

గ్లాసులో మంచుగడ్డ ఎందుకు తేలుతుందని అడిగితే బడిపిల్లలు సైతం "సాంద్రత తక్కువ కనుక" అని తడుముకోకుండా చెబుతారు. ఆ ఒక్క మాట కోసం నాలుగు శతాబ్దాల క్రితం ఫ్లారెన్సు నగర పండితులు రెండుగా చీలిపోయారనీ, ఆ తగవు ప్రభువుగారి విందు దాకా వెళ్ళిందనీ, అక్కడ ఇద్దరు కార్డినళ్ళు చెరొక పక్షం వహించారనీ మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. గెలీలియో పేరు వినగానే అందరికీ దూరదర్శినీ, మతవిచారణా గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం ఈ నీళ్ళ తగవు మీదనే మక్కువ ఎక్కువ. ఇందులో ఓడిపోయారని మనం చెప్పుకొనే పక్షం చేతిలో ఒక మంచి ప్రశ్న ఉండటమే అందుకు కారణం.

అది 1611 వేసవి. అంతకు ముందటి ఏడాదే గెలీలియో పాదువాలోని ఉద్యోగం విడిచి టస్కనీ ప్రభువు రెండవ కోసిమో కొలువులో చేరాడు. ఒక మిత్రగోష్ఠిలో చలి గురించి ప్రస్తావన వచ్చింది. చలి వస్తువులను కుదించి గట్టిపరుస్తుంది కనుక మంచు అంటే కుదించుకుపోయిన నీరేనన్నారు అరిస్టాటిల్ అనుయాయులు. గెలీలియో ఒప్పుకోలేదు. కుదించుకుపోతే నీటికన్న బరువెక్కి మునగాలి కదా, తేలుతున్నదంటే వ్యాకోచించినట్లే కదా అని అతని వాదం. మంచుగడ్డ పలుచగా, వెడల్పుగా ఉండటం చేత నీటిని చీల్చలేక పైన నిలిచిపోతుందని అవతలివారి సమాధానం. అలాగైతే దాన్ని అడుగుకు నొక్కి వదిలినప్పుడు అదే వెడల్పుతో, అదే నీటిని చీల్చుకుని పైకెలా వస్తున్నదని గెలీలియో అడిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. వస్తువు పైకి పోవటానికి గాని కిందికి పోవటానికి గాని ఆకారం కారణం కాదనీ, అది వేగాన్ని మాత్రమే మారుస్తుందనీ అరిస్టాటిలే రాశాడు. గురువు జాగ్రత్తగా అన్న మాటను శిష్యులు సాగదీయటం ఏ దేశంలోనైనా ఉన్నదే.

కొద్ది రోజులకు లోదోవికో దెల్లె కొలొంబె అనే పండితుడు రంగంలోకి దిగాడు. ఇటాలియన్‌లో ఆ ఇంటిపేరుకు పావురాలని అర్థం. గెలీలియో మిత్రులు ఆ వర్గాన్ని పావురాల మూక అని ఎగతాళి చేసేవారు. ఎగతాళి సంగతి అలా ఉంచితే, కొలొంబె తెచ్చిన ప్రయోగం మాత్రం అసలుసిసలైనది. అతడు ఎబొనీ కర్ర తీసుకున్నాడు. మన బీడీ ఆకుల తునికి చెట్టుకు దగ్గరి చుట్టమైన ఆ నల్లని కర్ర నీటికన్న బరువైనది. దానితో చేసిన గుండు మునిగింది. అదే కర్రనుంచి తీసిన పలుచని చెక్క నీటిమీద నిలిచింది. పదార్థం ఒక్కటే, సాంద్రత ఒక్కటే, మారినది ఆకారం మాత్రమే. దీన్ని ఊరంతా తిప్పి చూపించి, గెలీలియో ఓడిపోయాడని చాటాడు.

చెక్కను ముందుగా పూర్తిగా తడిపి వేయమన్నాడు గెలీలియో. తడిస్తే అదీ మునుగుతుంది. తడపటం ఒప్పందంలో లేదని అవతలివారి పేచీ. ఈ రభస చూసి, వీధి వాదాలు మాని కాగితం మీద రాయమని ప్రభువు సలహా ఇచ్చాడు. ఆ శరత్తులో జరిగిన ప్రభువుగారి విందులో కార్డినల్ గొంజాగా అరిస్టాటిల్ వైపూ, కార్డినల్ మఫెయో బార్బెరీని గెలీలియో వైపూ మాట్లాడారు. 1623లో పోప్ ఎనిమిదవ అర్బన్ అయి, 1633లో గెలీలియోను విచారణకు నిలబెట్టినది ఈ బార్బెరీనీయే.

నీటిలోని వస్తువులను గురించి గెలీలియో రాసిన గ్రంథం 1612లో వెలువడి, ఆ ఏడే రెండవ ముద్రణ పొందింది. లాటిన్‌లో కాక వాడుక ఇటాలియన్‌లో రాశాడు. లాటిన్ పుస్తకాలలో తమకు అందని మహా విషయాలేవో ఉన్నాయని భ్రమపడే మామూలు మనుషులకు కూడా ప్రకృతి కళ్ళూ, బుద్ధీ ఇచ్చిందని ఆ కాలంలోనే పాదువా మిత్రునికి ఉత్తరం రాశాడు. చిత్రమేమంటే, అతన్ని ఖండించిన పండితులూ ఇటాలియన్‌లోనే రాయవలసి వచ్చింది. తెలుగులో శాస్త్రం రాస్తే ఎవరు చదువుతారన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

ఆ గ్రంథంలో మైనపు ప్రయోగం ఒకటి ఉంది. మైనంలో సీసపు పొడి కలిపి, నీటికన్న ఇసుమంత బరువయ్యేట్టు చేస్తే, దాన్ని ఉండగా చుట్టినా, పలకగా ఒత్తినా, నీటిలో ముంచి వదిలినప్పుడు అడుగుకే చేరుతుంది. కాస్త సీసం తీసేస్తే ఏ ఆకారంలోనైనా తేలుతుంది. ఆకారాన్ని అడ్డు తప్పించి సాంద్రతను మాత్రమే తూచటమంటే ఇదే.

మరి కొలొంబె చెక్క మాటేమిటి? గెలీలియో దాన్ని దగ్గరగా పరిశీలించాడు. చెక్క నీటి ఉపరితలం మీద లేదు. దానికన్న కొంచెం దిగువన, చిన్న గుంటలో ఉంది. చుట్టూ నీరు వరిమడి గట్టులా నిలిచి ఉంది. అతడు వాడిన పదం కూడా చిన్న గట్లు అనే. చెక్కనూ, ఆ గుంటలోని గాలినీ కలిపి లెక్కిస్తే ఆర్కిమిడీస్ సూత్రం చెడదు. ఇంతవరకు నిక్షేపంగా ఉంది. అయితే ఆ గట్లు తెగకుండా ఎందుకు నిలుస్తున్నాయి? గాలికీ చెక్కకూ ఏదో పొత్తు ఉందన్నాడు గాని, చీలటానికి నీరు ఏమాత్రమూ అడ్డు చెప్పదనే పట్టుబట్టాడు. నా దృష్టిలో ఇక్కడ అతనికి వాదంలో గెలవాలన్న పంతం ఎక్కువైంది. నీటి పైపొర సాగదీసిన తోలులా బిగువుగా ఉంటుందన్న తలతన్యత భావనకు థామస్ యంగ్, లాప్లాస్‌ల చేతుల్లో స్పష్టమైన రూపం వచ్చింది 1805-06లో. పావురాల మూక అడిగిన ప్రశ్నకు సరైన జవాబు దాదాపు రెండు వందల ఏళ్ళు ఆలస్యమైంది.

సూది మునుగుతుందని అరిస్టాటిల్, తేలుతుందని గెలీలియో అన్నారు. పళ్ళెంలో నీళ్ళు పోసి, పొడి సూదిని చిన్న కాగితం ముక్క మీద పెట్టి నీటిపై వదలండి. కాగితం నాని మునిగాక సూది ఒక్కటే మిగులుతుంది. కళ్ళను నీటిమట్టానికి దించి పక్కనుంచి చూస్తే ఆ గట్లు కనిపిస్తాయి. తర్వాత అంచున ఒక చుక్క సబ్బునీరు వేయండి. సూది బరువు మారదు, ఆకారమూ మారదు. గట్టు తెగుతుంది, సూది మునుగుతుంది.