సింగపూరు నుండి మలేషియాకు కారు విహారము

సింగపూరు నివాసులు తమ సొంత కారునో, అద్దెకు దీసికొన్న కారునో తామే నడపుకొనుచు, మిత్రులతో గూడి జొహోరు జలసంధిని దాటి, మలేషియా ద్వీపకల్పపు దక్షిణభాగమున ఒకటి రెండు రాత్రులు గడపి మరలివచ్చు స్వల్పకాలిక యాత్ర యీ వ్యాసమునకు విషయము. తూర్పు పడమరలుగా సుమారు 50 కిలోమీటర్లకు మించని ద్వీపమున వారమంతయు పనిచేసినవారికి, వారాంతమున కారు దీసి ఊరి బయటకు పోవలెనను కోరిక కలిగినచో, ఆ యూరి బయట యనునది పరదేశమే యగుట దీనియందలి విశేషము. ఈ యాత్రలో దూరము లెక్కకు రాదు. సరిహద్దు ఒక్కటియే లెక్కకు వచ్చును. కారు ఒకటియే యైనను అందు గూర్చున్నవారు చట్టము దృష్టిలో ఎవరికి వారు వేరువేరు ప్రయాణికులు. ఒకరు సింగపూరు పౌరుడు, ఒకరు స్థిరనివాసి, ఇద్దరు ఉద్యోగపు పాసుపై నున్న భారతీయులు — ఆ నగరమందలి తెలుగువారి మిత్రబృందములలో ఇది అతిసామాన్యమైన కూర్పు. ఈ నలుగురి కాగితములలో ఏది మిక్కిలి మెల్లగా కదలునో దాని వేగమే ఆ కారునకు వేగము.

మార్గములు :— రెండు దేశములను గలుపు రోడ్డు మార్గములు రెండు. మొదటిది సింగపూరులోని ఉడ్‌ల్యాండ్సు నుండి జొహోర్ బారు నగరమునకు బోవు కాజ్‌వే. ఇది వంతెన కాదు. సముద్రమున గ్రానైటు రాళ్లు పోసి కట్టిన గట్టు. 1919లో పని యారంభమై, 1923లో దీనిపై రైళ్లు నడువ మొదలిడెను. 1924 జూన్ 28న యథావిధిగా ప్రారంభోత్సవము జరిగెను. దీని నిడివి కిలోమీటరునకు కొంచె మెక్కువ. రాయి పులావ్ ఉబిన్ ద్వీపమునుండియు బుకిత్ తిమా క్వారీలనుండియు వచ్చెను. 1942 జనవరి 31న మలయానుండి వెనుదిరిగిన బ్రిటిషు పక్షపు సేనలు దీనిని పేల్చి సుమారు 70 అడుగుల గండి కొట్టినను, జపాను సైన్యమును అది కొలది దినములు మాత్రమే యాపగలిగెను. 1965 ఆగస్టు 9న సింగపూరు మలేషియానుండి విడివడగా, అంతవరకు ఒకే దేశములోని రెండూళ్లను గలిపిన గట్టు అంతర్జాతీయ సరిహద్దయ్యెను. 1967 నుండి దానిపై పాస్‌పోర్టుల తనిఖీ వచ్చెను. సింగపూరునకు జొహోరునుండి వచ్చు మంచినీటి గొట్టములు నేటికిని ఈ గట్టు ప్రక్కనే పోవుచున్నవి; వరుసలో నిలిచిపోయిన కారులో కూర్చున్నవానికి వానిని తీరికగా పరికించు నవకాశము పుష్కలముగా లభించును.

రెండవది పడమట తువాస్ నుండి జొహోరులోని తంజుంగ్ కుపాంగ్ చేరు వంతెన. దీనిని సెకండ్ లింక్ అందురు. 1998 జనవరి 2న దీనిపై రాకపోకలు మొదలయ్యెను, నిడివి 1.92 కిలోమీటర్లు. ఇచట టోలు అధికము, రద్దీ తక్కువ. మలక్కా, కౌలాలంపూరు వైపు పోవువారికి, అందును సింగపూరులోని జురాంగ్ మొదలగు పశ్చిమభాగములందు వసించువారికి ఇదియే అనుకూలము. జొహోర్ బారు నగరమునకు మాత్రమే పోవువారు దీనిని బట్టి పోయినచో చుట్టుదారి యగును.

మనుష్యుల పత్రములు :— భారతీయ పాస్‌పోర్టు గలవారికి మలేషియా 2023 డిసెంబరు 1 నుండి 30 దినముల వరకు వీసా లేని ప్రవేశ మొసగినది. ఈ సడలింపు 2026 డిసెంబరు 31 వరకు పొడిగింపబడినది. వీసా లేదన్నంత మాత్రమున పని లేదని కాదు. మలేషియా డిజిటల్ అరైవల్ కార్డును ప్రవేశమునకు ముందు మూడు దినములలోపల ఎవరికి వారు పూరింపవలయును. 2024 జనవరి 1 నుండి ఇది తప్పనిసరి, రుసుము లేదు. సింగపూరు పౌరులకు దీనినుండి మినహాయింపు కలదు. ఈ మినహాయింపే మిత్రబృందములను తరచుగా చిక్కులబెట్టును: పదిసారులు పోయివచ్చిన పౌరుడు "అదేమియు నక్కరలేదు" అని భరోసా నిచ్చును; అది తనకు మాత్రమే వర్తించు మాట యని అతనికే తోచదు; కౌంటరు చేరినపిదప వెనుకసీటువారు ఫోనులు దీసి వ్రేళ్లు వణకుచుండగా వివరములు నింపుచుందురు. పాస్‌పోర్టునకు కనీసము ఆరు నెలల గడువు మిగిలియుండవలెనను నియమమును గూడ ఒక వారము ముందే చూచుకొనుట మేలు.

సింగపూరు వైపు తనిఖీ 2024 మార్చి నుండి చాల తేలికయైనది. పాస్‌పోర్టులకు బదులు ఫోనులో సిద్ధపరచుకొన్న క్యూఆర్ కోడును చూపవచ్చును. కారులోనివారందరికి కలిపి ఒకే కోడు చేసికొను సదుపాయము కలదు. అయినను పాస్‌పోర్టులు చేతికందునట్లుండవలసినదే. కౌంటరు వద్ద జరుగు తంతు ఇట్లుండును: కారు కిటికీ అద్దములన్నియు దించుదురు, వెనుకసీటువారు చలువకళ్లద్దములు, టోపీలు దీసి ముఖములు వెలుగువైపు త్రిప్పుదురు, గాజుగది యందలి అధికారి ఒకసారి వంగి ఫొటోలతో ముఖములను సరిపోల్చును. నిద్రించుచున్న బిడ్డను లేపుట, ముందు నున్న కారు కదలిన యుత్తరక్షణముననే వెనుకనుండి హారను మ్రోగుట, ఇవన్నియు ఆ రెండు నిమిషములలోనివే.

కారు పత్రములు :— సింగపూరులో రిజిస్టరైన కారు మలేషియాలో బ్రవేశించుటకు వాహన ప్రవేశానుమతి, అనగా వీఈపీ, ఉండవలయును. దీనిని కారు యజమాని పేర ముందుగా నమోదు చేయించి, వచ్చిన రేడియో ట్యాగును కారు ముందద్దమునకో, హెడ్‌లైటునకో అంటించుదురు. పలుమారులు వాయిదాపడిన ఈ నియమము 2024 అక్టోబరు 1న అమలునకు రాగా, 2025 జూలై 1 నుండి ట్యాగు లేని కారులకు 300 రింగిట్ల జరిమానా విధించుచున్నారు. ఇది గాక ప్రతి ప్రవేశమునకును 20 రింగిట్ల రోడ్డు రుసుము కలదు. ఈ రుసుమును, దారిలోని టోలును చెల్లించుటకు టచ్ ఎన్ గో కార్డు వలయును. అందు సొమ్ము చాలినంత యున్నదా యని బయలుదేరుటకు మునుపే చూచుకొనవలెను. డ్రైవరు మోచేయి కిటికీ బయటకు చాచి కార్డును యంత్రమునకు తాకించినపుడు నిలువ చాలదని యెఱ్ఱదీపము వెలిగినచో, వెనుక బారుతీరిన కారులన్నిటికి అతడే విరోధి యగును.

అద్దెకారు తీసికొనువారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, ఆ కారును సరిహద్దు దాటించుటకు యజమాని యనుమతించునా యనునదియే. అనుమతించువారు అదనపు రుసుము గొని, వ్రాతపూర్వకముగా ఒక పత్ర మిత్తురు. దానిని కారులో నుంచుకొనవలెను. కారును నడుపదలచిన ప్రతివాని పేరును ఒప్పందమున నుండవలయును. "కొంచెము సేపు నేను నడిపెదను" అను మిత్రుని సౌజన్యము, అతని పేరు కాగితముపై లేనప్పుడు, బీమాను నిరర్థకము చేయగలదు. సింగపూరు కారు బీమాలు సాధారణముగా పశ్చిమ మలేషియాకును, థాయిలాండు సరిహద్దులో 50 మైళ్ల వరకును వర్తించును. ఐనను పాలసీని ఒకసారి చదువుటలో నష్టము లేదు. డ్రైవింగు లైసెన్సు విషయమున చింత లేదు: ఆగ్నేయాసియా దేశముల 1985 నాటి ఒప్పందమును బట్టి సింగపూరు లైసెన్సు మలేషియాలో చెల్లును.

గట్టును బస్సుపై దాటి, జొహోర్ బారులో మలేషియా కారునే అద్దెకు దీసికొనుట మరియొక పద్ధతి. అద్దె చౌక, వీఈపీ బాధ లేదు. కాని ఆ కారును జొహోరులోనే అప్పగించి రావలయును. ఏలయన సింగపూరు పౌరులు, స్థిరనివాసులు, దీర్ఘకాలపు పాసులపై నచట నివసించువారు పరదేశపు కారును సింగపూరులో నడుపరాదు. తొలిసారి పోవువారికి నాయెన్నిక ఈ పద్ధతియే.

పెట్రోలు :— మలేషియాలో పెట్రోలు సింగపూరుకంటె చాల చౌక. ఖాళీ ట్యాంకుతో పోయి అచట నింపుకొనివచ్చు నలవాటును అరికట్టుటకై సింగపూరు 1989లో, దేశమును విడుచు స్వదేశపు కారు ట్యాంకు సగమైనను నిండియుండవలెనని శాసించి, 1991లో దానిని ముప్పాతికకు పెంచెను. చెక్‌పోస్టు వద్ద అధికారి వంగి మీటరు ముల్లును చూచును. ముల్లు ముప్పాతిక గీతకు దిగువ నున్నచో కారును వెనుకకు మరలించుటయే గాక 500 డాలర్ల వరకు జరిమానా విధింపవచ్చును. ఇంజను ఆపియున్నపుడు ముల్లు పడిపోవునను వాదములకు అచట తావు లేదు. మలేషియా వైపు మరియొక నిషేధము కలదు: ప్రభుత్వ రాయితీ గల రాన్ 95 పెట్రోలును 2010 నుండి పరదేశపు కారులకు అమ్మరాదు. బంకులో పసుపుపచ్చని గొట్టము దానిది. పరదేశపు కారువారు అధికమైన వెల యిచ్చి రాన్ 97 పోయించుకొనవలయును. అప్పటికిని సింగపూరు ధరకంటె అది తక్కువయే.

కాల నిర్ణయము :— ఈ యాత్రకు రాహుకాలము చూడకున్నను చెల్లును గాని, రద్దీకాలము చూడకున్న చెల్లదు. ఉడ్‌ల్యాండ్సు చెక్‌పోస్టును దినమునకు సుమారు 3 లక్షలమంది దాటుదురు. శుక్రవారపు సాయంకాలము, శనివారపు ఉదయము, పాఠశాలల సెలవుల మొదటి దినము, చైనా సంవత్సరాది, దీపావళి ముందటి రాత్రులు — వీనియందు ఆ కిలోమీటరు గట్టు దాటుటకు రెండు మూడు గంటలు పట్టుట వింత గాదు. జొహోరు రాష్ట్రమున 2014 నుండి 2024 చివరివరకు వారపు సెలవులు శుక్ర శనివారములు. అందుచే ఆదివారము అచటివారు పనిలో నుండగా సింగపూరువారు కొంత తెరిపిగా తిరుగగలిగెడివారు. 2025 జనవరి 1 నుండి జొహోరు మరల శని ఆదివారముల పద్ధతికి మారుటతో ఆ సౌకర్యము పోయినది. తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరి, ఆదివారము భోజనవేళకే తిరుగుముఖము పట్టుట అనుభవజ్ఞుల పద్ధతి. నలుగురు మిత్రులలో ఒకరైనను ఆలస్యముగా లేచువా రుందురు గాన, అందరును ముందటి రాత్రి ఒకే యింట పరుండుట ఉత్తమము.

గమ్యములు :— ఒక రాత్రికి మాత్రమే పోవువారు జొహోర్ బారులోనే విడియుటయో, తూర్పుతీరపు దెసారు సముద్రతీరమునకు బోవుటయో చేయుదురు. సెనాయ్–దెసారు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చినపిదప ఆ దారి సుగమమైనది. జొహోర్ బారులో 1922లో వెలసిన రాజకాళియమ్మ కోవెల 2009లో పునర్నిర్మితమై, గోడలు స్తంభములు సమస్తమును గాజుముక్కలతో మెరయుచుండును.

రెండు రాత్రులు గలవారికి మలక్కాకు సాటివచ్చు గమ్యము లేదు. సింగపూరునుండి సుమారు 240 కిలోమీటర్లు. నార్త్ సౌత్ ఎక్స్‌ప్రెస్‌వేపై అయెర్ కెరో వద్ద దిగవలయును. ఈ రహదారిపై గరిష్ఠవేగము గంటకు 110 కిలోమీటర్లు. సింగపూరు రహదారుల 90కి అలవడిన పాదము ఇచట తెలియకుండగనే క్రిందికి నొక్కును, కెమెరాలు దానిని తెలిసికొనును. మలక్కాను 1511లో పోర్చుగీసువారు, 1641లో డచ్చివారు పట్టుకొనిరి. పోర్చుగీసు కోటకు మిగిలిన యొకే ద్వారమును, 1753 నాటి ఎఱ్ఱని క్రైస్తవ దేవాలయమును ఒక గంటలో నడచి చూడవచ్చును. యునెస్కో 2008లో ఈ నగరమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. 1781 నాటి పొయ్యాత వినాయక మూర్తి ఆలయము ఇచటి చెట్టి వంశీయులది: వీరు శతాబ్దముల క్రిందట వచ్చి మలయ్ స్త్రీలను పెండ్లాడిన తమిళ వర్తకుల సంతతివారు; ఇంట మలయ్ భాష మాటాడుచు, గుడిలో హైందవాచారములు పాటించుదురు. పాత నగరపు సందులలో కారు ఒక గుదిబండ. దానిని బసయొద్దనే విడిచి కాలినడకన తిరుగుట మంచిది.

తిరుగుదారిలో తీరపురోడ్డు పట్టి మువార్‌లో ఆగుటకు ఒక కారణము ఓటక్-ఓటక్. చేపముద్దను మిరప, లెమన్‌గ్రాస్ మొదలగువానితో నూరి, నిపా తాటియాకులో సన్నగా మడిచి, బొగ్గులపై గాల్చిన ఫలహార మిది. ఆకు అంచులు నల్లబారి, లోపలి ముద్ద ఎఱ్ఱగా బిగిసినపుడు దింపుదురు. శాకాహారులైన మిత్రులు గల బృందములు ఈ యూరిలో దోసెలు వెదకుటలో పొద్దుపుచ్చక, జొహోర్ బారు చేరినపిదప దక్షిణభారతీయుల హోటళ్లను చూచుకొనుట మేలు.

దారి పొడవున నేడు కానవచ్చునది పామాయిలు తోటలు. ఒకప్పుడవి రబ్బరు తోటలు. ఇట్టి మలయా తోటలలో పనిచేయుటకు తెలుగు జిల్లాలనుండి ఓడలపై వచ్చినవారి సంతతి ఇప్పటికిని మలేషియాలో కలదు. వారు 1955లో మలయా ఆంధ్ర సంఘమును స్థాపించుకొనిరి. వారి ప్రధాన నివాసములలో నొకటి యైన పెరాక్ రాష్ట్రపు బాగన్ దాతోక్ కౌలాలంపూరునకు ఉత్తరమున నుండుటచే రెండురాత్రుల యాత్రలో ఇముడదు. దానికై సెలవు పొడిగింపవలసినదే.

ఖర్చులు :— సింగపూరు డాలరునకు 3 రింగిట్లకు పైబడి వచ్చును. బయలుదేరుటకు మునుపే ఒకరిని కోశాధికారిగా నియమించి, తలా ఇంతయని రింగిట్లు వసూలుచేసి ఒకే సంచిలో వేసినచో, ప్రతి కాఫీ బిల్లునకు లెక్కలు చూచుకొను పని యుండదు. టోలు, పెట్రోలు, రోడ్డు రుసుము ఉమ్మడి. అతివేగపు జరిమానా మాత్రము అప్పుడు నడిపినవానిది. ఈ యొడంబడికను కారు కదలకముందే చేసికొనవలెను, ఏలయన జరిమానా నోటీసు కారు యజమాని పేర, వారముల తరువాత వచ్చును.

తిరుగు ప్రయాణము :— సింగపూరులో సిగరెట్లకు ఒక్కదానికిని సుంకపు మినహాయింపు లేదు. మలేషియానుండి తెచ్చు మద్యమునకును లేదు. చూయింగ్ గమ్ దిగుమతిపై 1992 నుండి నిషేధము కలదు. కొన్న వస్తువులపై 9 శాతము వస్తుసేవల పన్ను పడును. 48 గంటలకు తక్కువ బయటనున్నవారికి 100 డాలర్ల వరకు, అంతకు మించినవారికి 500 డాలర్ల వరకు మినహాయింపు కలదు గాని, ఉద్యోగపు పాసు, డిపెండెంటు పాసు మొదలగు దీర్ఘకాలపు పాసులు గలవారికి ఈ మినహాయింపు వర్తింపదు. కావున మలక్కాలో ఒకే దుకాణమున ఒకే రకపు చెప్పులజతను కొన్న ఇద్దరు మిత్రులలో పౌరుడు పన్ను లేకయు, పాసు గలవాడు పన్ను చెల్లించియు ఇల్లు చేరవలసియుండును. ఈ పన్నును చెక్‌పోస్టు చేరకముందే ఫోను ద్వారా చెల్లింపవచ్చును. అట్లు చెల్లించినవారు రసీదులను దగ్గర నుంచుకొనవలెను, తనిఖీకి డిక్కీ తెరువుమన్నపుడు అధికారి మొదట అడుగునవి అవియే.