వల చెప్పే లెక్కను నమ్మవచ్చా?

ఢిల్లీకి సముద్రం లేదు. కానీ దేశపు సముద్ర విధానాలు తయారయ్యేది ఇక్కడే. 1981లో ఇక్కడ కేంద్రం మహాసముద్రాభివృద్ధి శాఖను ఏర్పరచింది. అంటార్కిటిక్ సముద్రజీవుల పరిరక్షణ ఒప్పందంలో భారత్ 1985లో చేరింది. 1995-96లో సాగర్ సంపద అనే పరిశోధన నౌక క్రిల్ అధ్యయనానికి దక్షిణ సముద్రానికి వెళ్ళింది.

క్రిల్ అంటే రొయ్యను పోలిన చిన్న జీవి. తిమింగలాలు, పెంగ్విన్లు, సీల్‌లు దాన్ని తిని బతుకుతాయి. 1970లలో సోవియట్, జపాన్ ట్రాలర్లు దాని వేటను పెద్ద ఎత్తున సాగించాయి. 1981-82 సీజన్‌లో 5 లక్షల 28 వేల టన్నులు పట్టారు. అందులో 90 శాతానికి పైగా సోవియట్ ఓడలదే. మరి సముద్రంలో మిగిలింది ఎంత?

అందరికీ తట్టిన ఉపాయం ఒకటే. గంట సేపు వల లాగితే ఎన్ని టన్నులు పడుతున్నాయో చూడటం. పట్టు తగ్గితే నిల్వ తగ్గినట్టు. వినడానికి సబబుగానే ఉంది కదా!

కానీ క్రిల్ సముద్రమంతా సమానంగా పరచుకొని ఉండదు. మిడతల దండులా గుంపులు కడుతుంది. ఓడ గుంపును వెతికి పట్టుకున్నాకే వల దింపుతుంది. గుంపులు సగానికి సగం తగ్గినా, దొరికిన గుంపులో వల నిండుతూనే ఉంటుంది. పైగా, నాచు తిని పచ్చబడ్డ క్రిల్‌కు గిరాకీ లేదని జపాన్ ఓడలు దాన్ని వదిలి పక్కకు పోయేవి. అప్పుడు తగ్గిన పట్టుకు కారణం సముద్రం కాదు, బజారు.

దక్షిణాఫ్రికాకు చెందిన బటర్‌వర్త్ జపాన్ ఓడల తీరును, అమెరికాకు చెందిన మాంజెల్ సోవియట్ ఓడల తీరును కంప్యూటర్ నమూనాలతో పరీక్షించారు. 1988 నాటికి తేలిందేమిటంటే, గంటకు ఎంత పట్టు అన్న అంకె మొత్తం నిల్వకు సరైన కొలత కాదు. గుంపు కోసం వెతకడానికి పట్టిన సమయం కూడా నమోదు చేస్తే కొంత మేలు.

ఇది పుస్తకాల్లో తేల్చుకునే చర్చ కాదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేపల నిల్వను అంచనా వేయడంలో ట్రాలర్ల పట్టుకు చాలా విలువ ఇచ్చారు. చేపలు తగ్గుతున్నా పట్టు బాగానే కనిపించింది. 1992లో వేట ఆపేయాల్సి వచ్చింది. వేలాది కుటుంబాల బతుకుతెరువు పోయింది.

అందుకే 2000లో నాలుగు దేశాల నౌకలు ముందే గీసుకున్న దారుల్లో, క్రిల్ ఉన్నా లేకపోయినా, ధ్వని తరంగాలతో కొలుస్తూ వెళ్ళాయి. దక్షిణ అట్లాంటిక్ భాగంలో 4 కోట్ల 43 లక్షల టన్నులని తేలింది. 2010లో అదే సమాచారాన్ని మెరుగైన పద్ధతితో మళ్ళీ లెక్కిస్తే 6 కోట్ల 3 లక్షలు వచ్చింది. తప్పును దిద్దుకోవడం సైన్సుకు నామోషీ కాదు. 2019 సర్వేలో 6 కోట్ల 26 లక్షలు వచ్చింది.

ఆ ప్రాంతంలో వేట ఆగాల్సిన హద్దు 6 లక్షల 20 వేల టన్నులు. 2025లో తొలిసారి ఆ హద్దు తాకి, సీజన్ మధ్యలోనే వేట ఆపేశారు. "ఒక్క శాతమే కదా" అనేవారున్నారు. అయితే ఆ హద్దును ప్రాంతాలవారీగా పంచే నిబంధన 2024లో గడువు తీరిపోయింది. ఓడలు ఒకేచోట గుమిగూడితే, అక్కడి పెంగ్విన్‌కు దూరాన ఉన్న కోట్ల టన్నులు కడుపు నింపవు. ఎవరైనా అంకె చెబితే, ఎక్కడ వెతికి చెప్పారో కూడా అడగండి.